రెండో చుక్క

ఒంటిగంటా పది. ఐదింటికి మేస్త్రి నేరం ఒప్పుకుంటూ సంతకం పెడతానన్నాడు. నాకు మిగిలింది నాలుగు గంటలు కూడా లేదు. నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు. కుడికాలి బూటులో మేకు ఒకటి పైకి లేచి మడమని పొడుస్తోంది. దాన్ని కొట్టించుకునే తీరిక కూడా దొరకలేదు.

పోలీస్ స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు. నా ఎదురుగా మేస్త్రి కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. డ్రాగ్ రేసులకి ఇంజిన్లు కట్టడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. ఆ రేసులో మలుపులుండవు. తిన్నటి రోడ్డు మీద నాలుగు వందల మీటర్లు, అంతే. కళ్ళు నులుముకునేలోపు అయిపోతుంది. గడిచిన ఆదివారం పదకొండూ ఇరవైకి ఆయన కట్టిన ఇంజిన్ పరుగు మొదలైన ఆరో సెకనులో పగిలింది. వెనక చక్రాల కింద నూనె పడి, కారు జారి గోడని గుద్దుకుని తలకిందులైంది. నడుపుతున్నవాడు అక్కడికక్కడే పోయాడు. అతను మేస్త్రికి స్వయానా అల్లుడు.

ఇంజిన్‌లో చవక కనెక్టింగ్ రాడ్లు పెట్టడం వల్లే ఇది జరిగిందని రేసింగ్ క్లబ్ రిపోర్టు ఇచ్చింది. పిస్టన్‌ని తిరిగే ఇరుసుకి, అంటే క్రాంక్‌కి, కలిపే ఉక్కు చెయ్యిని కనెక్టింగ్ రాడ్ అంటారు. 'మా నాన్న పనిలో తప్పు లేదని తేల్చండి' అంటూ మేస్త్రి కూతురు ప్రైవేటు డిటెక్టివ్‌నైన నా దగ్గరికి వచ్చింది. భర్త పోయిన మూడో రోజు అది.

"మళ్ళీ మొదటినించీ అడుగుతాను," అన్నాను.

"అడగండి. జవాబు మారదు."

"రాడ్లు ఎక్కడివి?"

"పాత లారీ ఇంజిన్లవి. తుక్కు కొట్లో ఏరుకొచ్చాను."

"కొత్తవి ఎందుకు కొనలేదు?"

"కొత్త సెట్టు ఖరీదుకి మామూలు ఇంజిన్ మొత్తం కట్టొచ్చు సార్. మా దగ్గరికొచ్చేది షావుకార్లు కాదు. వారమంతా ఎక్కడో టైర్లు మార్చి, ఆదివారం ఒక్క పరుగు పరిగెత్తేవాళ్ళు."

"అంటే తుక్కని తెలిసే పెట్టారు."

"తుక్కేంటి, ఒక్కో రాడ్డూ నేను..." అని గబుక్కున ఆగిపోయాడు. గొంతులో ఒక్క క్షణం మెరిసిన పౌరుషం అంతలోనే ఆరిపోయింది. "అవును. తుక్కే. అలాగే రాసుకోండి."

నాలుగు రోజుల్లో ఆయన మాటలో ప్రాణం కనిపించింది ఆ ఒక్క క్షణమే. దాన్ని మనసులో పెట్టుకుని ముందుకు పోయాను.

"కింది భాగం ఎప్పుడు అయిపోయింది?"

"శుక్రవారం మధ్యాహ్నం. అడుగున నూనె నిలిచే ఆయిల్ పాన్ కూడా మూసేశాను."

"శనివారం?"

"తొమ్మిదింటికి బయటికెళ్ళాను, ఇంజిన్ పై అతుకులో వేసే గాస్కెట్ కోసం. వచ్చేసరికి పన్నెండైంది."

"ఒక్క గాస్కెట్‌కి మూడు గంటలా?"

"మొదటి కొట్లో లేదు. రెండో కొట్లో సైజు కుదర్లేదు. మీరెప్పుడూ సామాన్లకి తిరగలేదనుకుంటా."

"ఆ మూడు గంటలూ షాపు తాళం ఎవరి దగ్గరుంది?"

ఆయన నా వంక చూడలేదు. "ఒకటే తాళం. నా జేబులోనే ఉంది."

తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ గోడకి చేరబడ్డాడు. అతనిదీ నాలాంటి ముఖమే. కళ్ళ కింద సంచులు. "గురువుగారూ, పట్టుబడ్డవాడు నేను కాదు బాబోయ్ అనడం, మీలాంటివాళ్ళు నువ్వే అనడం రివాజు. ఇక్కడ ఆయన నేనే అంటుంటే మీరు కాదంటున్నారు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

"ఐదింటిదాకా ఆగుతావా?"

"ఐదు దాటితే ఒక్క నిమిషం కూడా ఆగను. మా ఇంట్లోవాళ్ళ ముఖం చూసి రెండు రోజులైంది."

క్లబ్ షెడ్డులో ఇంజిన్‌కి వేసిన సీలు తీయించమని అతని చేత ఒక చీటీ రాయించుకుని బయటపడ్డాను.

ఒంటిగంటా యాభైకి మేస్త్రి షాపు చేరాను. కూతురు రోడ్డు మీదే నిలబడి ఉంది. సంచిలోంచి తాళంచెవి తీసి షట్టర్ ఎత్తింది.

"నాన్నగారి తాళమా?"

"కాదండి, నాది. మా ఇద్దరికీ చెరొకటి."

ఒకటే తాళమన్న మేస్త్రి మాట గుర్తుపెట్టుకున్నాను.

లోపల ఇంజిన్ స్టాండు ఖాళీగా ఉంది. గోడ నిండా తీగలకి కట్టిన రాడ్లు వేలాడుతున్నాయి. ప్రతిదాని మీదా సుద్దముక్కతో ఒక అడ్డగీత.

"ఇవన్నీ ఏంటమ్మా?"

"నాన్న వద్దన్నవి. ఈ ఇంజిన్ కోసం ముప్పై ఒకటి తెచ్చారు. ఇరవై మూడు గోడకెక్కాయి, ఎనిమిది ఇంజిన్‌లోకెళ్ళాయి." ఒక రాడ్డు తీసి నా చేతికిచ్చింది. చంటిపిల్లంత బరువుంది. "అయస్కాంతం పెట్టి ఇనప పొడి చల్లుతాం. కంటికి కనపడని బీట ఉంటే పొడి అక్కడ గీతలా నిలబడుతుంది. గీత నిలబడితే ఇక గోడకే. లారీ రాడ్లు బరువెక్కువ, చూడ్డానికి మొరటుగా ఉంటాయి. కానీ నిలబడతాయి. బోల్టులూ నట్టులూ మాత్రం కొత్తవే, దొరికినవాటిలోకల్లా మంచివి. రాడ్డు దగ్గర పొదుపు చెయ్యొచ్చు, బోల్టు దగ్గర చెయ్యకూడదంటారు నాన్న. రెండు ముక్కల రాడ్డుని క్రాంక్ చుట్టూ పట్టి ఉంచేది బోల్టేగా."

"గట్టిగా బిగించారో లేదో ఎలా తెలుస్తుంది?"

"అందరూ టార్క్ రెంచ్ చూస్తారు. ఎంత బలంతో తిప్పామో అది చెప్తుంది. నాన్న దాన్ని నమ్మరు." ఆమె డ్రాయర్‌లోంచి అట్ట నలిగిన నోటుపుస్తకం తీసింది. "బిగిస్తే బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. విప్పితే మళ్ళీ పాత పొడవుకి రావాలి. రాకపోతే అది చచ్చిన బోల్టు, ఇక పనికిరాదు. అందుకే పెట్టేముందు ఒక్కోదాని పొడవూ రాసుకుంటాం. బిగించాక మళ్ళీ కొలుస్తాం. కొలిచాక చుక్క పెడతాం. బిగించిన చెయ్యి కొలవకూడదు. అది మా షాపు రూలు."

"చుక్క ఏంటి?"

"నట్టు మీదా, రాడ్డు కింది మూత మీదా పడేలా ఎర్ర గోళ్ళరంగు చుక్క. నట్టు కదిలితే చుక్క రెండుగా విడిపోతుంది. నాన్న బిగిస్తారు, నేను కొలిచి, రాసి, చుక్క పెడతాను. పదేళ్ళప్పటినించీ ఇదే పని." సగంలో ఆగి చిన్నగా నవ్వింది. "నా పెళ్ళిలో గోళ్ళకి రంగు లేదు సార్. ఆ వారం రెండు ఇంజిన్లున్నాయి."

నోటుపుస్తకంలో బిగించకముందు పొడవుల వరసలో పదహారు అంకెలు, మిల్లీమీటర్లలో. గుండ్రటి చేతిరాత. 38.10, 38.11, 38.09. శుక్రవారం తేదీ వేసి ఉంది.

క్లబ్ రిపోర్టు ఫొటోల్లో ఒక బోల్టు మర మీద నల్లగా ఏదో కనిపించిన సంగతి గుర్తొచ్చింది. కాలిన నూనె అనుకుని వదిలేశాను.

"బోల్టు మరకి ఏమైనా పూస్తారా?"

"ఇంజిన్ ఆయిల్. అంతే."

"నల్లటి పేస్టులాంటిది?"

ఆమె గోళ్ళరంగు సీసా మూత తిప్పుతోంది. చెయ్యి ఆగింది.

"నాన్న వాడరు," అంది. తర్వాత మూత పూర్తిగా బిగించి సీసా సంచిలో వేసుకుంది. "షెడ్డుకి నేను రానండి. ఆ కారు చూడలేను. పుస్తకం తీసుకెళ్ళండి. మళ్ళీ తెచ్చిస్తారుగా?"

తెస్తానన్నాను.

రెండూ నలభైకి క్లబ్ షెడ్డులో ఉన్నాను. రిపోర్టు రాసిన నిపుణుణ్ణి అందరూ మైక్రోమీటర్ అంటారు. వెంట్రుకవాసి తేడాని కూడా కొలిచే ఆ పనిముట్టు చొక్కా జేబులో లేకుండా అతన్ని ఎవరూ చూడలేదట. చీటీ చూసి ముఖం చిట్లించాడు.

"చచ్చిన ఇంజిన్‌కి మళ్ళీ పోస్టుమార్టమా? మీరేం చదివారు?"

"కామర్స్."

"అయితే ఇక్కడ చూడ్డానికేముంది?"

"మీరు చూపించండి, నేర్చుకుంటాను. సీలు తీయండి."

ఇంజిన్ బోర్లా పడుకోబెట్టి ఉంది. ఆరో నంబరు రాడ్డు దగ్గర ఇంజిన్ బ్లాకుకి పిడికిలంత చిల్లు. అందులోంచి ఊడివచ్చిన రాడ్డు పక్కన ట్రేలో ఉంది. వంగి, గీసుకుపోయి ఉంది.

"ఇదిగో మీ మేస్త్రి సొమ్ము," అన్నాడు మైక్రోమీటర్. "లారీ తుక్కు. నేనైతే దీన్ని గేటుకి గొళ్ళెంగా కూడా పెట్టను."

"ఎక్కడ విరిగింది?"

"కళ్ళు లేవా? నడుము ఎలా వంగిపోయిందో చూడండి."

"వంగింది. విరిగిందా అని అడుగుతున్నాను."

రాడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. ఒక్క ముక్కగానే ఉంది. కింది మూత విడిపోయింది, ఒక బోల్టు తెగింది. తెగిన చోట మైనం లాగినట్టు సన్నబడి ఉంది.

"బోల్టు ముందు తెగి, మూత ఊడి, తర్వాత రాడ్డు వంగి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వంద అనుకోవచ్చు."

"రిపోర్టులో ఒక్కటే అనుకున్నారు."

మిగిలిన ఏడు రాడ్ల మీదికి టార్చి వేశాను. నట్టుల మీద ఎర్ర చుక్కలు వేడికి గోధుమరంగు తిరిగాయి. కానీ ఒక్కో నట్టు దగ్గర ఒక్కటి కాదు, రెండు. మొదటి చుక్క రెండుగా విడిపోయింది. సగం మూత మీదే ఉంది, సగం నట్టుతోపాటు గోరంత ముందుకి జరిగింది. ఆ పక్కనే రెండో చుక్క, చెక్కుచెదరకుండా. పద్నాలుగు నట్టులు చూశాను, పద్నాలుగూ అంతే.

అంటే మేస్త్రి బిగించాక ఎవరో ప్రతి నట్టూ విప్పి, ముందటికంటే ఎక్కువ తిప్పి, జాగ్రత్తగా మళ్ళీ చుక్క పెట్టారు. చెడగొట్టడానికి వచ్చినవాడు పద్నాలుగు చోట్ల చుక్కలు పెట్టుకుంటూ కూర్చోడు.

"మూడు బోల్టులు తీసి కొలవండి," అన్నాను.

"అది నా పని కాదు."

"మీ జేబులో ఉన్నది కొలిచేదేగా? అలంకారమా?"

కోపం వచ్చింది. ఆ కోపంలోనే విప్పాడు, కొలిచాడు. పని వచ్చినవాడు. "ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి తొమ్మిది."

"ఇది ఒకటో రాడ్డు ఎడమది. పుస్తకంలో ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి సున్నా."

"పుస్తకం తప్పు."

రెండోదీ అంతే సాగింది. మూడోదీ అంతే. మూడోదాని అంకె అతను పైకి చదవలేదు. చూపించాడు, అంతే. తెగనివి కూడా చచ్చిన బోల్టులే. ఆరో నంబరు ముందు తెగింది, అంతే తేడా.

జేబురుమాలుతో ఒక బోల్టు మర తుడిచాను. నూనె కాదు. కాటుకలాంటి నల్ల పేస్టు. అతని పనిబల్ల మీద, పనిముట్ల పక్కన ఒక డబ్బా ఉంది. మూత తీసి చూశాను. అదే నలుపు.

"ఇదేంటి?"

"మర జారడానికి పూసేది. మంచి సరుకు. ప్రపంచమంతా వాడుతుంది."

"ఇది పూస్తే నట్టు సులువుగా తిరుగుతుంది. అంతేనా?"

"ఆఁ."

"అప్పుడు టార్క్ తగ్గించాలా?"

"తగ్గించాలి. దాదాపు నాలుగో వంతు."

"బోల్టుల పెట్టె మీద అచ్చేసిన అంకె?"

"అది ఇంజిన్ ఆయిల్‌కి."

"పేస్టు పూసి అదే అంకెకి బిగిస్తే?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మైక్రోమీటర్‌ని జేబులో పెట్టబోయి, బల్ల మీద పెట్టాడు.

"రేసుకి ముందు ఈ ఇంజిన్ విప్పింది మీరేనా?"

"నేను ముట్టుకోలేదు. ఒట్టు. డబ్బా అయితే ఇచ్చాను, ఇలాంటిదే ఇంకొకటి. శుక్రవారం సాయంత్రం. షాపు గోడ మీద ఆ లారీ రాడ్లు చూశాక ఊరుకోలేకపోయాను. ఇవి తుక్కమ్మా, కనీసం బోల్టులైనా సరిగ్గా బిగించుకోండి అన్నాను."

"అమ్మా అన్నారు," అన్నాను.

అతను తల దించుకున్నాడు. "ఆ అమ్మాయే. మా ఆయన ప్రాణం సార్, నన్నేం చెయ్యమంటారు అని అడిగింది. పేస్టిచ్చి, పూసి బిగించమన్నాను."

"టార్క్ తగ్గించాలని చెప్పారా?"

"తెలుసనుకున్నాను. ముప్పై ఏళ్ళ మేస్త్రి కూతురు కదా."

"ఆ షాపులో ఆ పేస్టే వాడరు. ఎలా తెలుస్తుంది?"

అతను డబ్బా మూత వెతికి పెట్టాడు.

"సోమవారం పరీక్ష చేసినప్పుడు బోల్టుల మీద నలుపు చూసే ఉంటారు. రిపోర్టులో ఎందుకు రాయలేదు?"

"రాడ్డు అని రాస్తే మేస్త్రితో పోతుంది. పేస్టు అని రాస్తే ఆ పిల్ల మీదికి..."

"ముందు మీ మీదికి," అన్నాను. మూడు బోల్టులూ డబ్బా సంచిలో వేసుకున్నాను. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. మడమ మంట మాత్రం తెలుస్తోంది.

మిగిలింది దారిలోనే తేలిపోయింది. శనివారం తొమ్మిదికి తండ్రి బయటికెళ్ళాడు, ఆమె తన తాళంతో లోపలికొచ్చింది. ఆయిల్ పాన్ దించింది. పేస్టు పూసి, పెట్టె మీది అంకెకి టార్క్ రెంచ్‌తో పదహారు నట్టులూ బిగించింది. కొలిచి ఉంటే అప్పుడే తెలిసేది. కానీ బిగించిన చెయ్యి కొలవకూడదు. కొలవడానికి రెండో మనిషి లేడు. చుక్కలు పెట్టి, మూసి, ఏమీ ఎరగనట్టు ఉండిపోయింది. తండ్రి బిగింపు మీద తనకి అనుమానం వచ్చిందని ఆయనకి తెలియకూడదు.

నాలుగూ ఇరవైకి మళ్ళీ స్టేషన్లో మేస్త్రితో ఒంటరిగా కూర్చున్నాను.

"రెండు చుక్కలు చూశాను," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మీరెప్పుడు చూశారు?"

"ఆదివారమే. ట్రాక్ మీద. కారు తలకిందులై ఉంది, ఆయిల్ పాన్ ఊడిపోయి అడుగంతా పైకే కనపడుతోంది. అల్లుణ్ణి బయటికి తీస్తున్నారు, నాకు మాత్రం ఆ చుక్కలే కనపడ్డాయి." అరచెయ్యి బల్ల మీద రుద్దాడు. "చుక్క చివర చిన్న తోక లాగుతుంది మా పిల్ల. పదేళ్ళప్పటినించీ అంతే. ఎంత చెప్పినా మానదు."

"పేస్టు ఇచ్చింది క్లబ్ ఆయన. తప్పులో పెద్ద వాటా అతనిది."

"ఎవరిది ఎంత వాటా అయినా, బిగించిన చెయ్యి దానిదే కదా సార్." మొదటిసారి సూటిగా నా కళ్ళలోకి చూశాడు. "రాడ్డు విరిగిందనుకుంటోంది. అనుకోనివ్వండి. ఈ ముసలాడి పిసినారితనం వల్లే మొగుడు పోయాడని నా మీద కోపంతో బతికేస్తుంది. తన మీద తనకే కోపం వస్తే బతకలేదు. మీకు పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"అయితే ఇంకేం చెప్పను."

ఊరుకుంటే చాలు. రిపోర్టు ఉంది, ఒప్పుకున్న మనిషి ఉన్నాడు, ఇన్‌స్పెక్టర్ ఇంటికెళ్తాడు, నేను బూటు కొట్టించుకుంటాను. కానీ తండ్రి తప్పు లేదని తేల్చమని నన్ను పెట్టుకున్నది ఆమె. తప్పు లేదని నా సంచిలో ఉన్న మూడు బోల్టులూ చెప్తున్నాయి.

ఐదుకి పది నిమిషాలప్పుడు ఇన్‌స్పెక్టర్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. మేస్త్రి పెన్ను అందుకున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాను.

"గురువుగారూ, ఇప్పటికి పదిహేనుసార్లు ఒక్క నిమిషం అన్నారు..."

తలుపు తోసుకుని కూతురు లోపలికొచ్చింది. చేతులు మోచేతిదాకా నల్లగా ఉన్నాయి. బల్ల మీద ఒక కొత్త బోల్టు పెట్టింది, దాని పక్కన మైక్రోమీటర్ పెట్టె.

"అమ్మడూ, ఇంటికి పో," అన్నాడు మేస్త్రి.

"మీరు పేస్టు సంగతి అడిగి వెళ్ళాక గంటసేపు కదల్లేకపోయాను సార్," అంది నాతో. "తర్వాత షాపులో మిగిలిన బోల్టు ఒకటి తీసుకున్నాను. ఒక పాత రాడ్డుకి పెట్టి, శనివారం చేసినట్టే పేస్టు పూసి, అదే అంకెకి బిగించి, విప్పాను. కానీ కొలవలేదు. బిగించింది నేను కదా." అలసిపోయిన గొంతు, అంతే. "ఇంజిన్‌లోవి తెచ్చారా?"

ఇన్‌స్పెక్టర్ నా వంక చూశాడు. సంచి విప్పి మూడు బోల్టులు వరసగా పెట్టాను. నోటుపుస్తకం ఆమెకి తిరిగి ఇచ్చాను.

ఆమె మైక్రోమీటర్ తీసి తండ్రి ముందు పెట్టింది. "నాన్నా, మీరు కొలవండి."

"నువ్వు పో అంటున్నాను."

"కొలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు పాత పొడవే చెప్తే వెళ్ళిపోతాను. మళ్ళీ అడగను."

ఆయన చాలాసేపు ఆ పనిముట్టు వంకే చూశాడు. నాలుగు రోజులుగా అలవోకగా అబద్ధం చెప్పిన మనిషి. తాళం ఒకటే అన్నాడు, రాడ్లు తుక్కన్నాడు. ఇప్పుడు చెప్పాల్సింది ఒక్క చిన్న అంకె. ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి సున్నా అంటే చాలు. ఆమెకి అదే కావాలేమో కూడా.

ఒకటో రాడ్డు ఎడమ బోల్టుని వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. చొక్కా అంచుతో రెండు కొసలూ తుడిచాడు. మెల్లగా తిప్పాడు. చివర చిన్న చప్పుడు మూడుసార్లు వచ్చింది. కిటికీ వెలుగులోకి ఎత్తి చదివాడు. మళ్ళీ చదివాడు.

కూతురు పెన్ను పట్టుకుని, శుక్రవారం అంకె పక్కనున్న ఖాళీలో ఆనించి ఎదురుచూస్తోంది.

"ముప్పై ఎనిమిది," అన్నాడు మేస్త్రి. "పాయింట్ ఒకటి తొమ్మిది."

ఆమె రాసింది. గుండ్రటి అంకెలు, ఎప్పటిలాగే.

"రెండోది చెప్పండి నాన్నా," అంది.

ఇన్‌స్పెక్టర్ మేస్త్రి ముందున్న కాగితం నెమ్మదిగా వెనక్కి లాక్కుని, ఒక తెల్ల కాగితం తీశాడు.